పన్నులో నెత్తురు

మా ఊరు చౌడేపల్లెకు పక్కనే. ఊళ్లో పాలు పోయించుకునే సెంటర్లో వెన్న శాతం చూసే పని నాది. పొద్దున్నే ఆడోళ్లూ మగోళ్లూ క్యాన్లు తెచ్చి వరసగా నిలబడతారు. మా ఇంట్లో ఆవుల పనంతా మా అత్తది. మా ఆయన కుప్పం దగ్గర శాంతిపురంలో గ్రానైటు రాళ్లకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో చేస్తాడు. కుప్పంలో చిన్న ఇల్లు బాడుగకు తీసుకుని ఉంటాడు, సెలవు దొరికితే వస్తాడు. మాకు ఒక్కతే బిడ్డ. అప్పుడు దానికి తొమ్మిదో ఏడు నడుస్తోంది.

ఆ పొద్దు నేను ఒకామె పాలు మిషన్లో పెట్టి చూస్తున్నాను. రోడ్డు మీద ఏడుపు వినిపించింది. ఆ గొంతు నా బిడ్డదని తెలియడానికి తల ఎత్తి చూడాల్సిన పని లేదు. చూస్తే స్కూలు యూనిఫాం ముందు భాగమంతా ఎర్రగా ఉంది. పాప రెండు చేతులతో నోరు మూసుకుని వస్తోంది. వెనక మా అత్త, కొంగు జారిపోయినా సర్దుకోకుండా పరుగెత్తుతోంది.

"ఏమైంది అత్తా?"

"ఆవు తల ఇసిరింది మే. దాణా బొక్కెన పెడ్తాంటే ఈగ కరిసిందో ఏమో, ఒక్కపారి తల పైకెత్తింది. పాప వొంగుండాది. నోటికి తగిలింది."

పాపను కొళాయి దగ్గరికి తీసుకుపోయి మొహం కడిగాను. కింది పెదవి చిట్లింది. అంతే కదా అని కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. "నోరు తెరువు తల్లీ" అన్నాను. తెరిచింది.

పై వరసలో ముందరి పన్ను సగం లేదు.

పాలపన్ను ఊడిపోయినాక వచ్చిన పెద్ద పన్ను అది. వెడల్పుగా, అంచు రంపం పండ్ల మాదిరి చిన్న చిన్న గంట్లతో వచ్చి ఎక్కువ కాలం కాలేదు. అది ఏటవాలుగా విరిగిపోయింది. విరిగిన చోట నడిమధ్య ఒక ఎర్రటి చుక్క. పెదవి నెత్తురు అంటుకుందనుకుని నా కొంగు తడిపి తుడిచాను. చుక్క పోయింది. పన్ను తెల్లగా కనిపించింది. నేను చూస్తుండగానే అదే చోట మళ్లీ సూదిమొనంత ఎరుపు మొలిచి, ఉబ్బి, చుక్కయి, జారింది.

నెత్తురు చిగురులోంచి రావడం లేదు, పెదవిలోంచి రావడం లేదు. పన్నులోంచే వస్తోంది.

అంతవరకూ పన్ను అంటే నోట్లో నాటుకున్న రాయిలాంటిదని నా లెక్క. రాయి విరిగితే ముక్కలవుతుంది, నెత్తురు కారదు కదా. పాప నోటితో గాలి పీల్చింది, వెంటనే కెవ్వుమంది.

"గాలి తగిల్తే నొప్పి మా!"

పాలు పోయడానికి వచ్చిన వాళ్లంతా చుట్టూ చేరారు. మా అత్త వాళ్లను పక్కకు తోసి పాప నోట్లోకి తొంగి చూసింది. తర్వాత, "పీకిచ్చేద్దాం పా. ఇంకేం జేస్తాం" అంది.

"అత్తా, ఇది పాలపన్ను కాదు. పోతే మళ్లా రాదు."

"రాకుంటే రాకపోనీ. నొప్పితో బిడ్డ సస్తాంటే పన్ను గురించి ఆలోశన జేస్తావా?"

మిషన్ పక్కామెకు అప్పగించి, ఆటోలో పాపను ఎక్కించుకుని పుంగనూరు పోయాను. దారి పొడుగునా పాప నా రొమ్ములో మొహం దాచుకునే ఉంది.

పుంగనూరులో బస్టాండుకు దగ్గర ఒక పెద్దాయన పండ్ల డాక్టరు. పాపను కుర్చీలో పడుకోబెట్టి, అద్దం పెట్టి చూసి, చిన్న ఎక్స్‌రే తీశాడు. తీసినాక చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"లోపల కండ బయటపడిందమ్మా" అన్నాడు. "పెద్దోళ్లయితే ఆ కండంతా తీసేసి, లోపల మందు నింపి, పైన క్యాప్ ఏస్తాను. ఈ పాపకు అట్ల నేను చెయ్యను."

"యాల సార్?"

"దీని పన్ను ఇంకా పెరగతాండాది. పైకి వచ్చేసింది గానీ వేరు పూర్తి కాలా. లోపల కండ తీసేస్తే పెరుగుడు ఆడికే ఆగిపోతాది. వేరు పలచగా గుడ్డు పెంకు మాదిరి ఉండిపోతాది. రేపు ఇంకో దెబ్బ తగిల్తే మొత్తం పోతాది. మదనపల్లెలో పిల్లల పండ్లు మాత్రమే చూసే డాక్టరమ్మ ఉంది. ఈరోజే పో."

నేను లేవబోతుంటే ఆయన ఇంకో మాట అడిగాడు. "ఇరిగిన ముక్క యాడుండాది?"

నాకు అర్థం కాలేదు. "ముక్కెందుకు సార్?"

"దొరికితే మళ్లా అతికిస్తారు. ఎండిపోకూడదు. పాలల్లో ఏసుకోని పో."

విరిగిన పన్నును మళ్లీ అతికిస్తారా? ఆయన ముఖం వైపే చూస్తూ ఉండిపోయాను. ఎగతాళి చేసే మనిషిలా లేడు. బయటికొచ్చి మా అత్తకు ఫోన్ చేశాను.

"అత్తా, ఆవుల కాడ పాప పంటి ముక్క పడుంటాది. కొంచెం ఎతుకు."

"ఏందీ?"

"పంటి ముక్క. దొరికితే పాలల్లో ఏసుకోని పుంగనూరు బస్టాండుకు రా."

అవతల ఆవు అరవడం వినిపించింది. "నీకేమన్నా మతి చెడిందా మే? పేడలో పంటి ముక్క ఎతకాల్నా నేను?"

"డాక్టరు చెప్పినాడు అత్తా."

ఫోన్ పెట్టేసింది. ఆమె వెతుకుతుందన్న నమ్మకం నాకు లేదు. అయినా మదనపల్లె బస్సును వదిలేసి, పాపకు జేబురుమాలు మడిచి నోటికి అడ్డం పెట్టి, బెంచీ మీద కూర్చున్నాను. చాలాసేపటికి మా పక్కింటాయన బైకు వెనక సీటు నుంచి మా అత్త దిగింది. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా. చీర కుచ్చిళ్లకు పేడ, మోచేతుల దాకా గడ్డి నలుసులు. నా పక్కన కూర్చుని మూత తీసింది. తెల్లటి పాలల్లో అడుగున ఏదో ఉంది. వేలుతో పైకి తెచ్చి చూపించింది. గోరంత ముక్క. ఒక పక్క నున్నగా, అంచున ఆ చిన్న గంట్లు.

పాప ఏడుపు ఆపి చూసింది. "అది నాదేనా అవ్వా?"

"నీదే తల్లీ. ఆవుదైతే ఇంత తెల్లగుంటాదా?"

ఆ పొద్దు మొత్తంలో మేము నవ్వింది అక్కడొక్కచోటే. పాప నవ్వబోయి, గాలి తగిలి మళ్లీ మూలిగింది.

మదనపల్లె చేరేసరికి టమాటా లారీల వెనక బస్సు చిక్కుకుని బాగా ఆలస్యమైంది. అంగళ్ల సందులో మేడ మీద ఆ డాక్టరమ్మ ఆసుపత్రి. ఆమె వయసులో నా కంటే చిన్నది. పాపను పేరు అడిగి, స్కూలు అడిగి, ఏ ఆవు కొట్టింది, దానికి పేరు పెట్టినారా అని కూడా అడిగింది. మళ్లీ ఎక్స్‌రే తీసి, గోడకున్న టీవీలాంటి దాంట్లో పెద్దదిగా చూపించింది.

నేను జీవితంలో మొదటిసారి పన్ను లోపల చూశాను. బయట తెల్లగా గోడలు. లోపల నల్లగా ఒక గది. గది వేరు వైపు పోయే కొద్దీ సన్నబడకుండా, చివర గరాటు మూతి మాదిరి తెరుచుకునే ఉంది. చిగురు లోపల కూడా పన్ను ఇంత పొడుగుంటుందని, దాని నడుమ ఇంత ఖాళీ ఉంటుందని నేనెన్నడూ అనుకోలేదు.

"ఆ నల్లగా ఉండేది ఖాళీ కాదు" అంది డాక్టరమ్మ, నా మనసులో మాట విన్నట్టు. "ఎక్స్‌రేలో మెత్తటివి కనపడవు. అదంతా బతికున్న కండ. నెత్తురు, నరం అన్నీ దాంట్లోనే ఉంటాయి. పన్నును పెంచేది అదే. కొస ఇంకా మూసుకోలేదు చూడండి. మూసుకోవాలంటే ఆ కండ బతకాలి. నేను దాన్ని చంపను."

"మరేం చేస్తారు?"

"దెబ్బ తగిలి పాడైనంత వరకు పైపైన కొంచెం తీసేస్తాను. మందు పెట్టి గట్టిగా మూసేస్తాను. మిగతా పని అదే చేసుకుంటుంది."

"అదంటే?"

"పన్నే."

మా అత్త అంతదాకా టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని గమ్మున కూర్చునుంది. ఆ మాటకు లేచింది. "పన్ను పని జేసుకునేదేంది తల్లీ? యాడన్నా ఉండాదా ఇది? కాలో చెయ్యో అయితే మానుతాది. పన్ను యాడ మానుతాది?"

డాక్టరమ్మకు కోపం రాలేదు. కుర్చీ ముందుకు లాక్కుని ఆమెకే చెప్పసాగింది. "అవ్వా, పంటి లోపల ఆ కండకు అంచు పొడుగునా కంటికి కనపడనంత చిన్న కణాలు వరసగా ఉంటాయి. పంటి గోడ కట్టేది అవే. ఇప్పుడు దెబ్బ తగిలిన చోట ఆ కణాలు చచ్చిపోయాయి. అవి మళ్లా పుట్టవు."

"మరి?"

"కండ లోపల ఇంకో రకం కణాలు ఉంటాయి. మామూలుగా అవి గోడ పని చేయవు. ఊరికే ఉంటాయి. పైన గాయమైతే, పురుగు చేరకుండా మనం శుభ్రంగా మూసిపెడితే, వాటికి అది తెలుస్తుంది. లోపల్నుంచి ఒక్కొక్కటే గాయం దగ్గరికొస్తాయి. వచ్చి, చచ్చిపోయిన వాటి పని ఇవి మొదలుపెడతాయి. మందు కింద కొత్త గోడ కడతాయి."

మా అత్త నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. ఆ డాక్టరమ్మ చిన్నపిల్లలకు చెప్పే కథ ఏదో మాకు చెబుతోందని ఇద్దరికీ అనిపించింది.

"వాటికి ఎవరు చెప్తారమ్మా?" అని అడిగింది మా అత్త. నిజంగానే అడిగింది.

"మేం పెట్టే మందు కొంత చెబుతుంది. విరిగిన పంటి గోడలోంచి ఊరేవి కొంత చెబుతాయి. అంతా మాకూ తెలీదు అవ్వా."

"ఏం మందు?"

"ఒక రకం సిమెంటు."

"ఇండ్లు కట్టే సిమెంటా?" ఈసారి నేనే గట్టిగా అనేశాను.

"దాని జాతిదే. పంటి కోసం శుభ్రంగా తయారు చేసింది." ఆమె నవ్వి, వెంటనే మొహం మార్చుకుంది. "ఒకటి ముందే చెప్తున్నా. చాలామంది పిల్లల్లో ఇది బాగా పనిచేస్తుంది. అందరిలో కాదు. పని చేయకపోతే వేరే దారి చూస్తాం. ఖాయమని నేను చెప్పను."

ఖాయమని చెప్పకపోవడం వల్లనే కావచ్చు, నేను సరేనన్నాను.

చిగురుకు మత్తు సూది వేసింది. పాప నా వేళ్లు నలిపేసింది. నోటి మీద పలచటి రబ్బరు గుడ్డ పరిచి, చిన్న రంధ్రంలోంచి ఆ విరిగిన పన్ను ఒక్కటే బయటికి కనిపించేలా చేసింది. నీళ్లు చిమ్ముతూ మిషన్ రయ్యిమంది. ఇంత దాకా చుక్కలుగా వచ్చిన నెత్తురు అప్పుడు ధారగా వచ్చింది. తడిపిన దూది ఉండ పెట్టి నొక్కి పట్టుకుంది.

"ఇప్పుడు నెత్తురు ఆగాలి. ఆగకపోతే లోపలిదాకా పాడైందని లెక్క."

దూది తీసింది. ఆగలేదు.

గోడకు ఆనుకున్నాను. డాక్టరమ్మ మిషన్‌తో ఇంకొంచెం లోపలికి పోయింది, మళ్లీ దూది పెట్టింది. మా అత్త పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి తలుచుకుందో. ఈసారి దూది తీసి డాక్టరమ్మ నన్ను దగ్గరికి పిలిచింది.

"చూడండి. భయం లేదు."

వొంగి చూశాను. పన్ను మధ్యలో చిన్న గుంట. గుంట అడుగున గులాబీ రంగు కండ, తడిగా, మెరుస్తూ. నెత్తురు లేదు. అది పన్ను లోపలి భాగమని ఎవరూ చెప్పకపోతే అప్పుడే పుట్టిన ఏదో ప్రాణి అనుకునేదాన్ని. ఈ బిడ్డను కని, పాలిచ్చి, రోజూ నోరు కడిగి పెంచాను. దాని పండ్లలో ఇట్లాంటిది దాక్కుని ఉందని నాకు తెలియదు. నా పండ్లలోనూ ఉంటుందని అప్పుడే తట్టింది. నాలుక తెలియకుండానే నా ముందరి పండ్ల మీదికి పోయింది.

తర్వాతవన్నీ గబగబా జరిగాయి. తెల్లటి మందు గుంటలో పెట్టింది. అది గట్టిపడేదాకా కాసుకుంది. పాలల్లోని ముక్క కడిగి, సరిచూసి, జిగురు పూసి, నీలం లైటు పట్టింది. పాప అద్దంలో చూసుకుంది. కనపడీ కనపడనట్టు ఒక సన్న గీత తప్ప పన్ను పన్నులాగే ఉంది.

మా అత్త దగ్గరికొచ్చి, వేలు పెట్టబోయి ఆగింది. "పొద్దున నేను సూసింది ఈ పన్నేనా?" అంది. ఆమె అంత చిన్న గొంతుతో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

మా ఆయనకు ఫోన్లో అంతా చెప్పాను. "పన్నులో సిమెంటు పెట్టినారా? నిజంగా?" అని మూడు నాలుగు విధాలుగా అడిగాడు. అది తానే గోడ కట్టుకుంటుందట అని చెబితే, "నువ్వు సరిగ్గా ఇన్నావా లేదా?" అన్నాడు.

నేను సరిగ్గానే విన్నాను. నమ్మానా అంటే మాత్రం చెప్పలేను. పన్ను రంగు మారినా, చిగురు దగ్గర పొక్కు లేచినా, నొప్పి వచ్చినా వెంటనే రమ్మంది డాక్టరమ్మ. అది మనసులో పెట్టుకుని పొద్దున లేవగానే పాప గడ్డం పట్టుకుని సెల్‌ఫోన్ లైటు వేసి చూసేదాన్ని. మొదటిసారి చూపించడానికి పోయినప్పుడు డాక్టరమ్మ చల్లటి దూది పంటికి తాకించింది. పాప ఉలిక్కిపడింది. "మంచిది" అంది ఆమె. ఎక్స్‌రేలో కొత్తగా ఏమీ లేదు. "గోడ కనపడాలంటే టైం పడుతుంది" అని పంపించింది. ఇంటికొచ్చినాక మళ్లీ సెల్‌ఫోన్ లైటు.

"నా పన్ను నువ్వు సూడొద్దు పో మా" అని పాప ఒకరోజు నోరు బిగించేసింది.

ఎండాకాలం సెలవుల్లో నేనూ పాపా కుప్పం పోయాం, వాళ్ల నాయన దగ్గరికి. అక్కడికి పోయినాక నేను కొంచెం ఏమరుపాటుగా ఉన్నానేమో. ఒక సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి వస్తూ మురుకుల పొట్లం తెచ్చాడు. గట్టివి ముందరి పండ్లతో కొరకొద్దని పాపకు వెయ్యిసార్లు చెప్పి ఉంటాను. నేను వంటింట్లో ఉన్నాను. పటుక్కుమన్న శబ్దం నాకు అక్కడికే వినిపించింది. అది మురుకు విరిగిన చప్పుడు కాదు.

పరుగెత్తి వచ్చి చూస్తే పాప అరచేతిలో పంటి ముక్క, రెండుగా చీలిపోయి. దాంతోపాటే తెల్లటి సిమెంటు పెళ్ల. పాప మొహం పాలిపోయింది. ఏడవడం కూడా మరిచిపోయి నా వైపు చూస్తోంది.

"మూసుకో! నోరు మూసుకో! గాలి తగలనీయొద్దు!" అని అరిచాను.

మా ఆయన చొక్కా అయినా మార్చుకోలేదు. రాతి పొడి ఒళ్లంతా అట్లే ఉంది. ఆ ముక్కలు పిడికిట్లో పెట్టుకుని, పాపను ఎత్తుకుని ఆటో కోసం రోడ్డుకు పరుగెత్తాడు. ఆటోలో నేను తెల్ల రుమాలు పాప నోటికి అడ్డం పెట్టాను. ఇప్పుడు ఎర్రబడుతుంది, ఇప్పుడు ఎర్రబడుతుంది అని దాని మీదే కండ్లు పెట్టుకుని కూర్చున్నాను. ఇన్ని నెలల జాగ్రత్త ఒక మురుకుతో పోయింది. ఆ గులాబీ రంగు కండ కండ్ల ముందు కదులుతోంది. దాని మీద మూత లేదిప్పుడు.

రుమాలు తెల్లగానే ఉంది.

"నొప్పా తల్లీ?" అడిగాడు మా ఆయన.

పాప తల అడ్డంగా ఊపింది. భయపడి లేదంటోందనుకున్నాం.

కుప్పంలో పండ్ల డాక్టరు కుర్రవాడు. ఏం జరిగిందో, మదనపల్లెలో ఏం చేశారో నేను తడబడుతూ చెప్పాను. అతను మదనపల్లె డాక్టరమ్మకు ఫోన్ చేసి మాట్లాడి, తర్వాత పాపను నోరు తెరవమన్నాడు. నేను కండ్లు మూసుకున్నాను. సన్నగా గాలి ఊదే శబ్దం. పాప కెవ్వుమంటుందని కాచుకున్నాను.

ఏమీ లేదు.

కండ్లు తెరిచాను. అతను మళ్లీ గాలి ఊదాడు. పాప ఊరికే చూస్తోంది. అతను నీళ్లతో లోపల కడిగి, మిగిలిన సిమెంటు పొడి తీసేసి, సన్నటి కొక్కెంలాంటి పనిముట్టు ఆ గుంటలో పెట్టి తట్టాడు.

టక్. టక్.

"ఇటు రండి ఇద్దరూ" అన్నాడు. "విన్నారా?"

"ఏంది సార్ అది?"

"మీరు నెత్తురొస్తాదని భయపడిన చోటే తడ్తాండాను."

నేను వొంగాను. అదే గుంట. అడుగున ఎరుపు లేదు. మెరిసే తడి లేదు. పసుపు కలిసిన తెలుపు రంగులో గట్టి నేల ఉంది. అతను మళ్లీ తట్టాడు. రాతి మీద ఉలి ఆనించినట్టు వినిపించింది.

"సిమెంటా?" అన్నాడు మా ఆయన.

"సిమెంటు ఊడిపోయింది కదన్నా, నీ చేతిలో ఉండాది సూడు. ఇది మేము ఎవరమూ పెట్టింది కాదు. పాప పన్ను కట్టుకున్న గోడ."

మా ఆయన పంటి ముక్కను పిడికిట్లో అట్లే పట్టుకుని నిలబడిపోయాడు. అతని జుట్టులో, కనుబొమల్లో తెల్లటి దుమ్ము. "రోజూ రాళ్లల్లోనే ఉంటాను సార్ నేను," అన్నాడు చివరికి. "విరిగిన రాయి ఎప్పుడూ అతుక్కోలా."

"ఇది రాయి కాదన్నా." డాక్టరు చల్లటి దూది తీసి పన్ను పక్కకు తాకించాడు.

"జిల్లుమంటాంది!" అని పాప అరిచింది.

"అంటే లోపల బతికే ఉండాది."

నేను అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాను. సంతోషమని చెప్పలేను దాన్ని. భయానికి దగ్గరగా ఉండేది ఏదో. ఇన్ని నెలలు పాపకు జడలు వేశాను, తిట్టాను, అన్నం పెట్టాను, సెల్‌ఫోన్ లైటు వేసి వెతికాను. ఆ వెలుతురుకు అందని చోట, చీకట్లో, అంతకుముందు ఆ పని తెలియని కణాలు వచ్చి చేరి, పొర మీద పొర వేస్తూ గోడ కట్టుకుంటూ పోయాయి. పాప ఆడుకుంటున్నా, జ్వరమొచ్చి పడుకున్నా అవి ఆపలేదు. నేను నమ్మలేదని కూడా వాటికి తెలియదు. నా బిడ్డ ఒంట్లో నాకు తెలియకుండా ఇంత పని జరిగిందంటే, ఇంకా ఏమేం జరుగుతోందో అనిపించి ఒళ్లు గగుర్పొడిచింది.

పంటి ముక్క మళ్లీ పనికి రాలేదు. గుంటలో మళ్లీ మందు పెట్టి, పంటి రంగులో ఉండే పదార్థంతో విరిగిన భాగాన్ని అక్కడే కట్టేశాడు. ఆటోలో తిరిగి వస్తూ మా ఆయన, "ఇంకోసారి సూపీ" అని పాపను దారి పొడుగునా సతాయించాడు.

స్కూళ్లు తెరిచినాక మదనపల్లె పోయాం, మా అత్తతో కలిసి. డాక్టరమ్మ మొదటి ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే పక్కపక్కన పెట్టింది. చదువుకోని వాళ్లకైనా తేడా తెలుస్తుంది. గుంట అడుగున తెల్లటి గీత అడ్డంగా ఉంది. పక్క గోడలు మందమయ్యాయి. వేరు పొడుగైంది. గరాటు మూతిలా ఉన్న కొస దగ్గరపడి సన్నగా మూసుకుంటోంది.

"పక్క పన్ను ఎంత పెరిగిందో, ఇదీ అంతే పెరిగింది," అంది డాక్టరమ్మ. "దెబ్బ తగిలిన సంగతి వేరుకు తెలీనట్టే ఉంది."

మా అత్త టీవీ దగ్గరికి పోయి ఆ గీత కింద వేలు పెట్టి చూసింది. వెనక్కి తిరగకుండానే అడిగింది.

"పెద్దోళ్లకు గూడా ఇట్ల కడ్తాదా అమ్మా?"

"కడుతుంది అవ్వా. వయసు పెరిగేకొద్దీ నిదానమవుతుంది. కానీ లోపల కండ బతికుండాలి. పుచ్చు లోతుకు పోకముందే వస్తే చాలాసార్లు కాపాడొచ్చు."

మా అత్త తలూపింది. వచ్చి కూర్చుంది. తర్వాత దవడ మీద చెయ్యి పెట్టుకుని, "మా పెండ్లయిన కొత్తలో నాకు దవడ పండ్లు నొప్పి చేసినాయి" అంది. "నీళ్లు తాగితే జిల్లుమనేటివి. సంతకొచ్చే ఒకాయన ఉన్న్యాడు. కూసోబెట్టి ఒకటెనకొకటి పీకేసినాడు. నాకప్పుడు ఇరవై ఏండ్లు గూడా ల్యా."

ఆ దవడనే వేళ్లతో తడుముకుంది.

"జిల్లుమనేటివి," అంది మళ్లీ. "అంటే అవి గూడా బతికే ఉన్న్యాయా తల్లీ?"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "చూడకుండా నేను చెప్పలేను అవ్వా," అంది. "అప్పుడు ఈ మందులు ఇక్కడ లేవు."

"నిన్నేమీ అనలేదులే."

ఆమెకు అరవై దాటాయి. నేను కోడలుగా వచ్చినప్పటి నుంచీ ఆమె అన్నం ఒక పక్కనే నమలడం చూస్తూనే ఉన్నాను. అదొక అలవాటనుకున్నాను. బతికున్న వాటిని పీకేశారేమో అన్న ఆలోచన ఇన్నేళ్లకు ఆమెకు రావడం, అదీ మనవరాలి పన్ను చూసి రావడం, నాకు కుప్పంలో విన్న ఆ టక్ టక్ కంటే ఎక్కువ దిగ్భ్రమ కలిగించింది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె విడిపించుకోలేదు.

డాక్టరమ్మ ఆమెను కూడా కుర్చీలో పడుకోమంది. మా అత్త వద్దంది, తర్వాత పడుకుంది. మిగిలిన పండ్లలో ఒకదానికి పుచ్చు పట్టింది, ఇంకా లోతుకు పోలేదు. అదే రోజు శుభ్రం చేసి మూసేసింది. లోపల కండ దాకా పోవాల్సిన అవసరం రాలేదు. సూది వేసినప్పుడు మా అత్త ఒక్కమాట అరవలేదు. పాప పక్కన నిలబడి, "నొప్పిగా ఉండదు అవ్వా, కొంచెంసేపే" అంటూ ఉంది.

పుంగనూరు బస్సులో కిటికీ పక్కన మా అత్త కూర్చుంది. మత్తు దిగక ఆమె పెదవి ఒక పక్క వేలాడుతోంది. మాట్లాడితే తడబడుతోంది. అయినా ఊరుకోలేదు. ముందు సీట్లో కూర్చున్న ఆమెను తట్టి, నా సెల్‌ఫోన్ అడిగి తీసుకుని, నేను ఫోటో తీసుకున్న ఎక్స్‌రే ఆమె ముందు పెట్టింది.

"సూడమ్మా, ఈ గీత సూడు," అంటోంది. "ఇది ఎవరూ పెట్టలా."